కొత్త ఇంటి గోడలకు రంగులు: కనిపించని పూతల లెక్క

సంస్కృతంలో ‘సుధ’ అనే మాటకు అమృతమనీ, సున్నమనీ రెండర్థాలున్నవి. సున్నపు పూత గలది కనుకనే మేడకు ‘సౌధ’మని పేరు వచ్చినది. స్తంభాలను బట్టి గాని, ద్వారబంధాలను బట్టి గాని కాక గోడ మీది పూతను బట్టి మేడకు పేరు రావడం, తరగతిలో ఈ పదాన్ని చెప్పిన ప్రతిసారీ నాకు ముచ్చటగా తోచేది. నేడు మా వికారాబాదు, తాండూరు ప్రాంతాలలో కొత్త ఇళ్లు కట్టుకొంటున్నవారు ఆ పూత కోసం వెచ్చిస్తున్న ధనం స్వల్పమేమీ కాదు. అయినా గృహప్రవేశమై ఏడాది తిరగకముందే గోడలు పొక్కులెక్కి, ఉప్పు పూసి, పెచ్చులూడుతున్న ఇళ్లను నేను చాలా చూస్తున్నాను. రంగు మంచిది కాదని ఒకరు, పనివాడు మోసగాడని ఒకరు అంటారు. నా అభిప్రాయం వేరు. మనం డబ్బు పెట్టవలసిన చోట పెట్టక, పెట్టనక్కరలేని చోట పెడుతున్నాము. అంతకుమించి, ఇవ్వవలసిన రోజులు ఇవ్వడం లేదు.

తాండూరు వారికి సున్నం సంగతి ఒకరు చెప్పనక్కరలేదు. ఆ ఊరు నిలిచినదే సున్నపురాతి నేల మీద. మన ఇళ్లలో పరచుకొనే తాండూరు బండ ఆ రాయే. కరన్‌కోట సిమెంటు కర్మాగారం అక్కడ వెలసినదీ ఆ రాతి కోసమే. రాతిని సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాలిస్తే సున్నమవుతుంది. నీరు పోసి విరియజేసి గోడకు పూస్తే, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా మళ్లీ రాయిగా మారుతుంది. గోడ మీద మనం పూసేది ఒక విధంగా పలుచని రాతిపొర అన్నమాట. ఆ పొరలో నుండి గోడ ఊపిరి పీల్చుకొంటుంది. లోపలి చెమ్మ బయటికి పోతుంది. దసరాకు ముందు ఇల్లిల్లూ వెల్ల వేసుకొనే రోజుల్లో సున్నంలో కాస్త నీలిమందూ, కాస్త జిగురూ కలిపేవారు. ఏడాదికి వెలిసిపోతే మళ్లీ ఒక కుంచె.

సున్నానికి తిరిగి పొమ్మని నేను అనడం లేదు. వీపు ఆనిస్తే చొక్కాకు అంటుకొనే గోడను ఇప్పటి పిల్లలు భరించరు. వెల్ల వేసే కూలీలూ అరుదయ్యారు. అయితే ఒక తేడా మాత్రం గుర్తుంచుకోవాలి. సున్నం పొరపాట్లను క్షమించే పూత. ఇప్పటి ఎమల్షను అట్లా కాదు. అది గోడపై పలుచని ప్లాస్టిక్ పొరగా ఏర్పడుతుంది. గోడ ఆరిన తరువాత వేస్తే నిగనిగలాడుతూ ఏళ్ల తరబడి ఉంటుంది. ఆరకముందే వేస్తే లోపల చిక్కిన నీరు బయటికి దారి వెతుక్కొంటూ, తనతో బాటు సిమెంటులోని, ఇటుకలోని లవణాలను మోసుకువచ్చి పొరను వెనుక నుండి నెడుతుంది. మనం చూసే పొక్కులూ, తెల్లని ఉప్పూ అవే. కొత్త సిమెంటు గోడలో క్షారగుణం కూడా ఎక్కువ. కొన్ని రంగులు ఆ క్షారానికే వెలిసిపోతాయి.

ఇక అసలు చిక్కు ముహూర్తం. మన ఇళ్ల నిర్మాణంలో రంగుల పనివాడు చిట్టచివర వచ్చేవాడు. పునాది తవ్వేవాడు ఆలస్యం చేస్తాడు, స్లాబు వేసేవాడు చేస్తాడు, కరెంటు పనివాడు గోడలు చెక్కిన తరువాత పది రోజులు కనిపించడు. ఈ ఆలస్యాలన్నీ కలిసి రంగులవాడి నెత్తిన పడతాయి. అప్పటికే పురోహితుడు మాఘమాసంలోనో శ్రావణంలోనో రోజు పెట్టి ఉంటాడు, పత్రికలు అచ్చయి ఉంటవి. గిలాబు ముగిశాక కనీసం వారం రోజులు నీళ్లు కొట్టాలి. ఆ మీదట నాలుగు వారాలైనా గాలికి ఆరనివ్వాలి. అనంతగిరి పక్కనున్న వికారాబాదులో వానకాలమైతే ఇంకా ఎక్కువ పడుతుంది. మనం ఇచ్చేది ఎంత? పన్నెండు రోజులు, పదిహేను రోజులు. ఒక రంగుల మేస్త్రి ఒకసారి నాతో అన్నమాట ఇది: “ముహూర్తం మీరు పెట్టుకున్నరు సార్, గోడకు తెల్వదు గద.” ఇంతకంటె చక్కగా ఈ విషయాన్ని నేను చెప్పలేను.

చేతిలో డబ్బు సంగతీ అంతే. రంగుల దాకా వచ్చేసరికి బ్యాంకు అప్పు అయిపోయి ఉంటుంది, ఇల్లాలి మెడలోని గొలుసు తాకట్టులో ఉంటుంది. ఇంటిల్లిపాదీ ప్రతిరోజూ కళ్లతో చూసే పనికి మిగిలేది అందరికీ ఇవ్వగా మిగిలిన చిల్లర, అందరూ వాడుకోగా మిగిలిన రోజులు.

లెక్క చూద్దాము. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గది అనుకోండి. నేల 120 చదరపుటడుగులే. నాలుగు గోడలు కలిసి 440, పైకప్పు 120, మొత్తం 560. ఒక తలుపు, ఒక కిటికీ తీసివేస్తే 37 పోయి 523 మిగులుతుంది. అంటే నేల కొలతకు నాలుగు రెట్లకు మించి పూయవలసిన జాగ ఉన్నది. ఇంటి నేలకొలతను చూసి రంగుల ఖర్చు ఊహించుకొన్నవారు చివర బెంబేలెత్తేది ఇందుకే. కొలత టేపుతో గది గదికీ తామే కొలుచుకొని, తలుపులూ కిటికీలూ తీసివేస్తారా లేదా అన్నది ముందే మాట్లాడుకొంటే సగం తగవులు తీరుతాయి.

వికారాబాదులో ఇల్లు కట్టుకొన్న మా మేనల్లునికి ఇద్దరు మేస్త్రులు ధర చెప్పారు. ఒకరు సామానుతో సహా చదరపుటడుగుకు 18 రూపాయలు, మరొకరు 27. కొలిస్తే సుమారు 4,000 అడుగులు తేలినది. మొదటివారికి 72,000, రెండవవారికి 1,08,000. తేడా 36,000. “రంగు డబ్బా ఇద్దరిదీ ఒకటే మామా, ఆ ముప్పై ఆరు వేలు ఎందుకియ్యాలె?” అన్నాడు. ప్రశ్న సహేతుకంగానే కనబడుతుంది. కాని ఇద్దరూ కొనే డబ్బా ఒకటే అయితే, ఆ తొమ్మిది రూపాయలు తగ్గినది ఎక్కడ? లప్పం రెండు పూతలకు బదులు ఒకటి. గరుకు కాగితంతో రుద్దుడు పైపైన. ప్రైమరులో మోతాదు మించి నీళ్లు. రెండు చేతుల ఎమల్షనుకు బదులు ఒకటిన్నర. ఇవేవీ ఇల్లు అప్పజెప్పిన రోజున కంటికి ఆనవు. అతడు 18 రూపాయలకే ఒప్పుకొన్నాడు. మొదటి వానలకే పడమటి గోడ లోపలివైపు చిన్నచిన్న బుడగలు లేచినవి. గోరుతో గీరితే ప్రైమరు జాడే లేదు. ఆ మేస్త్రిని నిలదీసి లాభమేమి? గుత్త మాట్లాడుకొన్నప్పుడు పూతల సంఖ్య ఎక్కడా రాసుకోలేదు. రాయనిది ఎగ్గొట్టినాడని ఎట్లా అనడం?

లప్పం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మా ప్రాంతంలో పుట్టీని లప్పమనే అంటారు. పూర్వం పనివాళ్లే సుద్దపొడిలో నూనెనో వార్నీషునో కలిపి తయారు చేసుకొనేవారు. ఇప్పుడు తెల్ల సిమెంటుతో చేసిన పొడి సంచులు వస్తున్నవి. నీటిలో కలిపి, రేకుపలకతో లాగి, ఆరిన తరువాత రుద్ది, మళ్లీ లాగి, మళ్లీ రుద్దాలి. కలిపిన ముద్దను రెండు మూడు గంటల్లో వాడివేయాలి. గట్టిపడుతున్నదానిలో మళ్లీ నీరు పోసి సాగదీస్తే పట్టు పోతుంది. పని మంచిదో కాదో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలక్కరలేదు. ప్రైమరు వేయకముందు అరచేతితో గోడను గట్టిగా రాయండి. చేయి పిండిలో ముంచినట్లు తెల్లబడితే ఆ లప్పం మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలువదు. రాత్రిపూట టార్చిలైటును గోడకు ఆనించినట్లు పక్కగా పట్టి చూడండి. ఎత్తుపల్లాలన్నీ నీడలై కనబడతాయి. చెమ్మ ఉన్నదో లేదో అనుమానమైతే లప్పం పెట్టకముందే జానెడు ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు నాలుగు వైపులా గాలి చొరకుండా అంటించి ఒక రాత్రి ఉంచండి. తెల్లవారి లోపలివైపు నీటిబొట్లుంటే ముహూర్తం మార్చుకోవడం మేలు. మార్చలేకపోతే ప్రైమరు మాత్రం వేయించి గృహప్రవేశం చేసుకొని, రంగులు వేసవిలో వేయించుకోవచ్చును. తెల్లని ప్రైమరు గోడల మధ్య సత్యనారాయణ వ్రతం చేసుకొంటే దోషమని ఏ శాస్త్రంలోనూ నేను చదువలేదు.

ఆ రుద్దుడు పనిలో లేచే దుమ్ము మాట కూడా చెప్పాలి. తలుపులు మూసిన గదిలో, తలకు తువ్వాలు చుట్టుకొని, మనిషి కనబడనంత తెల్లని దుమ్ములో రోజంతా పని చేసే పిల్లలను చూస్తే గుండె తరుక్కుపోతుంది. ముక్కుకు మంచి మాస్కు ఇవ్వడానికి ఎంతవుతుంది? లక్ష రూపాయల పనిలో అది లెక్కలోకి రాదు. అయినా ఎవరి లెక్కలోనూ అది లేదు, మేస్త్రి లెక్కలోనూ లేదు, యజమాని లెక్కలోనూ లేదు.

ఇక రంగు డబ్బాలు. అంగట్లో పుస్తకం తెరిస్తే వందలాది ఛాయలు. గంధం రంగుకే పది పేర్లు. మనవాళ్లు ఇంటిల్లిపాదీ కూర్చుని వారం రోజులు వాదులాడేది దీని గురించే. ముదురు రంగులకు యంత్రంలో కలిపే వర్ణద్రవ్యం ఎక్కువ కనుక ధరా ఎక్కువని చాలామందికి కొనేదాకా తెలియదు. ఫలానా కంపెనీదే కొనుమని మేస్త్రి పట్టుబడితే ఒకసారి ఆలోచించండి. డబ్బాలలో పనివాళ్ల కోసం టోకెన్లు పెట్టడం ఈ వ్యాపారంలో చాలాకాలంగా ఉన్నదే. అందులో నేరమేమీ లేదు, కాని ఆ సలహా ధర్మశాస్త్రం కాదు. సీసం పాళ్లు మాత్రం తప్పక చూడవలసినవి. ఇంటి రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు మించరాదని 2016లో కేంద్రం నియమాలు చేసినది. 2017 నవంబరు నుండి అవి అమలులో ఉన్నవి. డబ్బా మీద ఆ సంగతి అచ్చు వేయని సరకును, ఎంత చవకైనా, పసిపిల్లలున్న ఇంట్లోకి రానీయకండి. పన్నులు తగ్గడం వల్ల ఖర్చు తగ్గుతుందని ఆశపడేవారికి ఒక మాట: రంగుల మీది జి.ఎస్.టి. 2018 జూలైలోనే 28 నుండి 18 శాతానికి దిగినది, సిమెంటు మీద 2025 సెప్టెంబరులో దిగినది. సామాను మీద ఏదో కాస్త మిగలవచ్చును. అయితే గోడ మన్నిక నిర్ణయమయ్యేది సామానులో కాదు, చేతిపనిలో.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఫ్లెక్సీలు రాకమునుపు మా ఊళ్లలో దుకాణాల బోర్డులూ, బడిగోడల మీది నీతివాక్యాలూ రాసినవారే ఇళ్లకూ రంగులు వేసేవారు. ‘క్ష’ ఒత్తునూ, ‘ఋ’ కారపు మెలికనూ కుంచెతో ఒక్క ఊపులో తీర్చిన చేతులవి. చాలామంది తెలుగు పట్టభద్రుల దస్తూరి కంటె వారి అక్షరం అందంగా ఉండేది. అట్టి చేతికి గది మూలల్లో, తలుపు అంచుల్లో గీత తప్పడమనేది ఉండేది కాదు. బోర్డుల పని పోయాక వారిలో కొందరు రోలరు పట్టినారు, కొందరు ఊరు విడిచినారు. వారి జాగలో ఇప్పుడు దూరరాష్ట్రాల నుండి వచ్చిన యువకులు పని చేస్తున్నారు. పనిమంతులు వారిలోనూ ఉన్నారు. కాని గుత్త తీసుకొనేవాడొకడు, పని చేసేవాడొకడు కావడంతో, మనం ఇచ్చే అడుగు ధరలో ఆ కుంచె పట్టిన చేతికి చేరేదెంతో మనకు తెలియదు.

తక్కువ డబ్బున్నవాడు ఏమి చేయాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా సలహా ఇది: తగ్గించుకోవలసివస్తే రంగు తరగతిని తగ్గించుకోండి, పూతలను తగ్గించకండి. గట్టి గోడ, సరైన ప్రైమరు మీద రెండు చేతుల సాధారణ ఎమల్షను, పొడి రాలే లప్పం మీది ఖరీదైన రంగు కంటె ఎక్కువ కాలం ఉంటుంది. అన్ని గదులకూ లప్పం పెట్టి తీరాలన్న నియమమూ లేదు. గిలాబును నున్నగా రుద్దించి, సామాన్ల గదికీ వెనుక గదికీ ప్రైమరు, రంగు మాత్రమే వేయించుకొంటే చెప్పుకోదగినంత మిగులుతుంది. ఆ మిగిలినది ముందు గది రుద్దుడుకు పెట్టండి. ఒక గోడకు ముదురు రంగు, పైకప్పుకు చెక్కుడు పూలు వంటివి రెండేళ్ల తరువాతనైనా చేయించుకోవచ్చును. లప్పం మాత్రం రెండేళ్ల తరువాత పెట్టించలేము.

పైకం ఇచ్చే పద్ధతి కూడా మారాలి. మొత్తం పనికి ఒక గుత్త, సగం బయానా, సగం చివర అనే పద్ధతిలో పనివాడు చివరికి త్వరగా చేరాలనే చూస్తాడు. అందుకు బదులు మొదటి లప్పానికింత, రెండవ లప్పం, రుద్దుడుకింత, ప్రైమరుకింత, రంగు ఒక్కో చేతికింత అని కాగితం మీద రాసుకొని, ఏ పూత ఆరితే ఆ పూత డబ్బు ఆనాడే చేతిలో పెట్టాలి. కొద్ది మొత్తాన్ని మాత్రం మొదటి వానలు పోయేదాకా నిలుపుకోవాలి. ఈ మాట ఒక మేస్త్రితో అంటే, “వానల దాకా ఆపితె మేమేం తినాలె సార్?” అన్నాడు. నూటికి ఐదు చాలునన్నాను. ఆలోచించి, గోడ ఆరేందుకు నెల రోజులు ఇస్తామని యజమాని కూడా అదే కాగితం మీద సంతకం చేస్తే తనకు సమ్మతమేనన్నాడు.