బెంచి మీద ఎవరు కూర్చుంటున్నారు? పాఠశాల సాఫ్ట్‌బాల్‌లో అవకాశాల లెక్క

బడి జట్టులో పేరు ఉండటం ఒకటి, మైదానంలో ఆడటం మరొకటి. ఈ రెండింటి మధ్య ఒక బెంచి ఉంది. దాని మీద కూర్చున్న అమ్మాయికి జాబితాలో పేరు ఉంటుంది, ఒంటి మీద జెర్సీ ఉంటుంది, గ్రూప్ ఫొటోలో ముఖం ఉంటుంది. ఆట మాత్రం ఉండదు. ఆటల మీద మనం చేసే చర్చంతా పతకాల దగ్గరో, స్టేడియంల దగ్గరో, క్రీడా కోటా దగ్గరో ఆగిపోతోంది. ఆ బెంచి దాకా రావడం లేదు.

మేము ఇక్కడ సాఫ్ట్‌బాల్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాం. 1887లో షికాగోలో పుట్టిన ఈ ఆట, 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లోకి మళ్లీ అడుగు పెడుతోంది. తెలుగు నేల మీద దీన్ని పెద్ద క్లబ్బులు పెంచలేదు. పత్రికల్లో దీనికి దక్కే చోటూ తక్కువే. జిల్లా పరిషత్ హైస్కూళ్లు, గురుకులాలు, వాటిలోని పీఈటీలు దీన్ని బతికించారు. నిజామాబాద్ లాంటి జిల్లాల్లో ఈ ఆటకు మంచి పట్టు ఉంది. ఎండలో గ్లవ్ తొడుక్కుని నిలబడే ఈ అమ్మాయిల్లో కూలి ఇళ్ల నుంచి వచ్చిన దళిత, ఆదివాసీ, బీసీ పిల్లలు ఎందరో. కాబట్టి ఎవరికి బ్యాటు అందుతోంది, ఎవరికి అందడం లేదు అన్నది మన ప్రశ్న కూడా.

రెండు వంతులు, సున్నా వంతులు

సాఫ్ట్‌బాల్‌లో మైదానంలో ఉండేది 9 మంది. పూర్తి మ్యాచ్ 7 ఇన్నింగ్స్, ఇన్నింగ్స్‌కు 3 ఔట్లు. అంటే 21 ఔట్లు. గెలుస్తున్న జట్టు చివరి ఇన్నింగ్స్ ఆడకపోయినా 18 ఔట్లు అవుతాయి. ఈ లెక్కన పూర్తి మ్యాచ్ ఆడిన అమ్మాయికి ఎంత తక్కువన్నా రెండుసార్లు బ్యాటింగ్ వంతు వస్తుంది. నాలుగు మ్యాచ్‌ల టోర్నమెంట్‌లో ఎనిమిది వంతులు. 16 మందితో వెళ్లిన జట్టులో బెంచి మీద మిగిలేది ఏడుగురు. కోచ్ ఒక్కసారి కూడా మార్పు చేయకపోతే వాళ్ల వంతు సున్నా.

మరుసటి ఏడాది ఎంపికలు జరుగుతాయి. ఎనిమిది వంతులు ఆడిన పిల్లకు వేగంగా వచ్చే బంతి కొత్త కాదు. బెంచి మీద కూర్చున్న పిల్లకు కొత్త. ‘నీకు మ్యాచ్ అనుభవం లేదు’ అని ఆమెను మళ్లీ పక్కన పెడతారు. అనుభవం ఇవ్వనిదీ వాళ్లే, అనుభవం లేదని తీసేసేదీ వాళ్లే. ఉద్యోగాల దగ్గర, పరిశోధన సీట్ల దగ్గర మనం రోజూ వినే మాటే ఇది. పద్నాలుగేళ్ల వయసులో మైదానంలోనే మొదలవుతోంది.

కులం పేరు ఎత్తకుండానే

బెంచి మీద కూర్చున్న ప్రతి అమ్మాయీ వివక్షకు గురైందని మేము అనడం లేదు. తొమ్మిది చోట్లే ఉన్నప్పుడు ఎవరో ఒకరు ఆగక తప్పదు. నిన్ననే ఆట మొదలుపెట్టిన పిల్లను కీలక మ్యాచ్‌లో పిచింగ్‌కు దించమని ఎవరూ అడగరు. ఎవరు ఆగాలి అన్నది ఎలా తేలుతోంది? దేని ఆధారంగా? అదెక్కడైనా రాసి ఉందా? మేము అడిగేది ఇదే.

సాఫ్ట్‌బాల్‌లో ఫీల్డింగ్ చేసే ప్రతి ఒక్కరికీ గ్లవ్ కావాలి. క్యాచర్‌కు మాస్కు, ఛాతీ కవచం, కాళ్లకు ప్యాడ్లు కావాలి. సొంత గ్లవ్ కొనుక్కోగలిగిన పిల్ల ఇంటి దగ్గర కూడా సాధన చేస్తుంది. బడి గ్లవ్ మీద ఆధారపడిన పిల్లకు గంట సాధన దొరికితే గొప్ప. గ్లవ్‌ను బంతి విసరని చేతికి తొడుక్కుంటారు కాబట్టి, ఎడమచేతి వాటం పిల్లకు వేరే గ్లవ్ కావాలి. బడి కిట్టులో అది లేకపోతే ఆమె ప్రతిభ అక్కడే ఆగిపోతుంది. ఆ తర్వాత వచ్చే మాట ఒక్కటే: ‘ఆ అమ్మాయికి క్యాచింగ్ రాదు.’

ఇక పనుల పంపకం. నీళ్ల క్యాన్ ఎవరు మోస్తారు? కిట్టు బ్యాగు ఎవరు ఎత్తుతారు? మ్యాచ్ అయ్యాక బేస్‌లు ఎవరు ఏరుకొస్తారు? ఈ పనులు అందరికీ వంతులవారీగా వస్తే అది జట్టు. ప్రతిసారీ అదే ఇద్దరు ముగ్గురికి వస్తుంటే, వాళ్లెవరో మనం చూడాలి. ‘మంచి పిల్ల, ఏ పని చెప్పినా చేస్తుంది’ అనే మెచ్చుకోలు వెనుక ఎంత చరిత్ర ఉందో మన అమ్మలకు, అమ్మమ్మలకు బాగా తెలుసు.

సాంఘిక సంక్షేమ గురుకులాల్లో ఎక్కువమంది ఎస్సీ పిల్లలే కదా, అక్కడ ఈ సమస్య ఎందుకుంటుంది అని కొందరు అడుగుతారు. అక్కడ దాని రూపం వేరు. వందల మంది పిల్లలను చూసుకునే పీఈటీ మీద ఫలితాల ఒత్తిడి ఉంటుంది. దాంతో తెలిసిన తొమ్మిది మందినే తిప్పి తిప్పి ఆడిస్తారు. బడి దాటి మండల, జిల్లా, రాష్ట్ర స్థాయికి వెళ్లినప్పుడు పాత రూపం ఎదురవుతుంది. అక్కడ ఎంపిక చేసే బల్ల వెనుక ఎవరు కూర్చున్నారు, వాళ్లకు ఎవరి పిల్లలు తెలుసు అన్నది ముందుకు వస్తుంది.

పల్వంకర్ సోదరులు చెప్పిన పాఠం

భారత క్రీడల్లో ఈ కథ కొత్తది కాదు. పల్వంకర్ బాలూ తన కాలంలో దేశంలోనే గొప్ప స్పిన్ బౌలర్. 1911 ఇంగ్లండ్ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీశాడు. పుణెలో తోటి ఆటగాళ్లు లోపల టీ తాగుతుంటే, ఆయనకు బయట మట్టి ముంతలో పోసేవారు. బంతి ఇచ్చారు, ఎందుకంటే ఆయన లేకుండా గెలవలేరు. హిందూ జట్టు కెప్టెన్సీ మాత్రం ఇవ్వలేదు. 1920లో పల్వంకర్ సోదరులు నిరసనగా జట్టు నుంచి తప్పుకున్నారు. 1923లో తమ్ముడు విఠల్ ఆ జట్టుకు కెప్టెన్ అయ్యాడు. ఆ మూడేళ్లలో పెరిగింది విఠల్ ప్రతిభ ఒక్కటే కాదు. కలిసి అడిగినవాళ్ల గొంతు కూడా పెరిగింది.

వందేళ్ల తర్వాత, 2021లో, వందనా కటారియా టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికాపై మూడు గోల్స్ కొట్టింది. ఒలింపిక్స్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి భారత మహిళ ఆమె. కొద్ది రోజులకే సెమీఫైనల్‌లో భారత్ ఓడింది. హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు టపాసులు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిపోయారని తిట్టారని ఆమె కుటుంబం ఫిర్యాదు చేసింది. మైదానంలో దళిత అమ్మాయి ఉండటమే ఎవరో పెట్టిన భిక్ష అన్నట్టు చూసే చూపు అది. ఆ చూపు ఒలింపిక్స్ దగ్గర పుట్టలేదు. బడి మైదానాల్లోనే పెరిగింది.

మన దగ్గర మాలావత్ పూర్ణ ఉంది. 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆమెతో పాటు ఆనంద్ కుమార్ ఎక్కాడు. ఇద్దరూ గురుకుల విద్యార్థులే. వాళ్లను చూసి మనం గర్వపడతాం. అయితే శిఖరం ఎక్కిన ఇద్దరిని చూపించి, బెంచి మీద కూర్చున్న వేల మంది గురించి నోరు మూయిస్తే ఒప్పుకోం. ఆ ఇద్దరి కథ చెప్పేది ఒకటే: అవకాశం, శిక్షణ దొరికితే ఏం జరుగుతుందో చూడండి అని.

‘గెలవాలి కదా’ అనేవారికి

బాగా ఆడేవాళ్లే ఆడాలి, గెలవాలి కదా అంటారు. బడి ఆటకు ఈ మాట పూర్తిగా వర్తించదు. 16 మంది ఉన్న తరగతిలో లెక్కలు బాగా వచ్చిన తొమ్మిది మందికే పుస్తకాలిచ్చి, మిగతా ఏడుగురిని వాళ్లను చూస్తూ కూర్చోమంటే మనం ఊరుకుంటామా? బడి మైదానం కూడా తరగతి గదే. ప్రతిభను కొలవడం కంటే ముందు దాన్ని తయారు చేయడం బడి పని.

సాఫ్ట్‌బాల్ పెరిగిన అమెరికాలో కూడా హైస్కూల్ మ్యాచ్‌లో ఆడటం విద్యార్థి హక్కు కాదనే మాటే నడుస్తోంది. కోచ్‌దే తుది నిర్ణయం. కానీ అంతకంటే చిన్న పిల్లలు ఆడే లిటిల్ లీగ్‌లో వేరే పద్ధతి ఉంది. జట్టులోని ప్రతి పిల్లకూ మ్యాచ్‌లో కనీసం ఒక బ్యాటింగ్ వంతు, ఆరు ఔట్ల పాటు ఫీల్డింగ్ ఇవ్వాలని అక్కడ నియమం. అలాగే 1972లో టైటిల్ నైన్ చట్టం రాకముందు అక్కడి హైస్కూళ్లలో ఆటలాడే అమ్మాయిలు 3 లక్షల లోపే. ఇప్పుడు 30 లక్షలు దాటారు. చట్టం వచ్చాక అబ్బాయిలకు ఎన్ని అవకాశాలు, అమ్మాయిలకు ఎన్ని అని లెక్క చూపించాల్సి వచ్చింది. లెక్క అడిగినచోట మార్పు వచ్చింది.

మన దేశంలో 2025 ఆగస్టులో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. క్రీడా సంఘాల కార్యవర్గాల్లో మహిళలకు, క్రీడాకారులకు చోటు ఇవ్వాలన్నారు. వివాదాలకు ట్రిబ్యునల్ అన్నారు. మంచిదే. కానీ ఆ కార్యవర్గాల్లో ఎస్సీ, ఎస్టీలకు చోటు సంగతేమిటి? మండల స్థాయి ఎంపికలో అన్యాయం జరిగిన తొమ్మిదో తరగతి అమ్మాయి ఢిల్లీ ట్రిబ్యునల్ గడప ఎలా తొక్కుతుంది? ఆమెకు కావాల్సింది తన బడి నోటీసు బోర్డు మీద ఉండే నియమం.

ఏం అడగాలి, ఎలా అడగాలి

ఆడే అమ్మాయిలకు మేము చెప్పేది ఇది. ‘నన్నెందుకు ఆడించరు’ అనే కంటే ‘నేను ఆడాలంటే ఏది మెరుగుపరుచుకోవాలి సార్?’ అని అడగండి. మ్యాచ్ మధ్యలో కాకుండా, సాధన రోజున అడగండి. వచ్చిన జవాబును తేదీతో సహా నోటు పుస్తకంలో రాసుకోండి. ఎన్ని ఇన్నింగ్స్ ఆడారు, ఎన్ని వంతులు వచ్చాయి, అదీ రాయండి. బెంచి మీద ఉన్నప్పుడు ఎదుటి పిచర్ బంతిని చదవండి. ఆ కళ్లు రేపు మీకే పనికొస్తాయి. చెప్పినవన్నీ నేర్చుకున్నా చోటు రాకపోతే, పనులు మాత్రమే వస్తుంటే, ఒంటరిగా కుమిలిపోవద్దు. మీలాంటి మరో నలుగురితో కలిసి రాతపూర్వకంగా అడగండి. కులం పేరుతో అవమానిస్తే అది జట్టు లోపలి గొడవ కాదు. దానికి 1989 నాటి అత్యాచారాల నిరోధక చట్టం ఉంది.

కార్యకర్తలకు, విద్యార్థి సంఘాలకు ఉన్న పని ఇంకొకటి. ప్రతి మ్యాచ్‌కూ స్కోరు షీటు ఉంటుంది. ఎవరు ఆడారు, ఎవరి స్థానంలో ఎవరు వచ్చారు అన్నీ అందులోనే ఉంటాయి. వాటిని పిల్లలవారీగా కూడితే చాలు, ఎవరికి ఎంత ఆట దక్కిందో తేలుతుంది. ఎంపిక జాబితాలు, ఎంపిక కమిటీ వివరాలు, స్కోరు షీట్లు ఇవ్వమని సమాచార హక్కు చట్టం కింద ప్రభుత్వ విద్యాసంస్థలను, క్రీడా అధికారులను అడగండి. జవాబుకు గడువు 30 రోజులు.

ప్రభుత్వాల ముందు మేము పెట్టే డిమాండ్లు పెద్దవేమీ కావు. ఎంపిక ప్రమాణాలు ముందే రాసి నోటీసు బోర్డు మీద పెట్టాలి. లీగ్ దశ మ్యాచ్‌లలో జట్టులోని ప్రతి అమ్మాయికీ కనీసం ఒక బ్యాటింగ్ వంతు, రెండు ఇన్నింగ్స్ ఫీల్డింగ్ ఇవ్వాలి. మొదటి తొమ్మిది మందిలో ఉన్న అమ్మాయి బయటికి వెళ్లి, ఒకసారి తిరిగి తన వరుసలోకి రావచ్చని సాఫ్ట్‌బాల్ నియమాలే చెబుతున్నాయి. కాబట్టి ఇది ఆటకు అడ్డు కాదు. నీళ్లు, కిట్టు పనులు కెప్టెన్‌తో సహా అందరికీ వంతులవారీగా రావాలి. ఎంపిక కమిటీల్లో ఎస్సీ, ఎస్టీ మహిళా క్రీడాకారులు ఉండాలి. ప్రతి బడి కిట్టులో ఎడమచేతి వాటం పిల్లలకు కనీసం ఒక గ్లవ్ ఉండాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త స్టేడియం అక్కర్లేదు. గ్లవ్ తప్ప మిగతా వాటికి పైసా ఖర్చు లేదు. స్కోరు షీటు బయట పెట్టడానికి అధికారులకు అభ్యంతరం ఎందుకుండాలి? ఈ ఏడాది పోటీలు ముగిసేలోపు మీ మండలంలో, మీ జిల్లాలో ఆ లెక్క తీయండి. తీసి అందరి ముందూ పెట్టండి. బెంచి మీద ఎవరు కూర్చుంటున్నారో ఊరంతా చూడనివ్వండి.