మూసీ అంతా మురుగే.. మరి కొంగలు ఎందుకొస్తున్నాయ్? సుందరీకరణలో వాటికి చోటుంటుందా?

హైదరాబాద్‌లో నాగోల్ బ్రిడ్జి మీద నుంచి కిందికి చూస్తే ముక్కు మూసుకోవాల్సిందే. నల్లటి నీళ్లు, తెల్లటి నురగ, ఒడ్డు పొడవునా గుర్రపు డెక్క. కానీ అక్కడే తెల్ల కొంగలు బారులు తీరి కనిపిస్తాయి. ఎర్రటి పొడుగు కాళ్లతో నీళ్లలో నడిచే స్టిల్ట్ పక్షులు, డెక్క మీద తిరిగే నీలిరంగు బొల్లికోళ్లు కూడా ఉంటాయి. పైన గద్దలు సరేసరి.

పక్షులు ఉన్నాయంటే నది బాగున్నట్టే అనుకునేవాళ్లు చాలామందే. అక్కడే పప్పులో కాలేస్తున్నాం. మురుగు నీటి బురదలో ఎర్రటి సన్న పురుగులు విపరీతంగా పెరుగుతాయి. అక్వేరియం షాపుల్లో చేపల మేతగా అమ్మే బ్లడ్ వర్మ్స్ ఇవే. ఆక్సిజన్ దాదాపు లేని చోట కూడా ఇవి బతికేస్తాయి. చాలా పక్షులు వాటి కోసమే వస్తాయి. అంటే ఇక్కడ పక్షుల గుంపు నీటి శుభ్రతకు సర్టిఫికెట్ కాదు. మేత దొరుకుతోంది, దిగడానికి లోతు తక్కువ బురద ఒడ్డు ఉంది.. అంతే.

ఇక గుర్రపు డెక్క. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క ఇది. మురుగులోని నైట్రోజన్, ఫాస్ఫరస్ తిని, వాతావరణం కలిసొస్తే దాదాపు రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. నీళ్ల మీద పరుచుకుంటే వెలుతురు లోపలికి పోదు, ఆక్సిజన్ పడిపోతుంది. దీని వేళ్లను పట్టుకుని పెరిగే దోమలూ ఉన్నాయి. మెషీన్లతో తీస్తూనే ఉంటారు, అది మళ్లీ వస్తూనే ఉంటుంది. మురుగు ఆగనంత కాలం ఇదే తంతు.

అసలు మూసీ ఇలా ఎందుకయింది? 1908 సెప్టెంబర్ వరద వేల ప్రాణాలు తీసింది. ఆ తర్వాత వరదను ఆపడానికి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ కట్టారు. వరద తగ్గింది, తాగునీరు వచ్చింది. కానీ కిందికి మంచినీళ్లు రావడం ఆగిపోయింది. నగరం పెరిగేకొద్దీ ఆ ఖాళీని డ్రైనేజీ నింపేసింది. ఇప్పుడు వానాకాలంలో గేట్లు ఎత్తినప్పుడు తప్ప మూసీలో పారేది ఎక్కువగా మనం వదిలిన నీళ్లే.

ప్రభుత్వం ఇప్పుడు నగరంలో దాదాపు 55 కిలోమీటర్ల మేర మూసీని మారుస్తామంటోంది. మురుగును శుద్ధి చేయాలి, గోదావరి నీళ్లు తెచ్చి జంట జలాశయాల ద్వారా కిందికి వదలాలి.. ఇదీ ఆలోచన. శుద్ధి జరిగితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. తేడా వచ్చేది ఒడ్డు దగ్గరే.

అహ్మదాబాద్‌లో సబర్మతి చూడండి. 11 కిలోమీటర్లకు పైగా రెండు వైపులా కాంక్రీట్ గోడలు, మధ్యలో నర్మదా కాలువ నుంచి తెచ్చిన నీళ్లు. వీడియోల్లో అదిరిపోతుంది. కానీ నిటారు గోడ పక్కన లోతు నీళ్లలో కొంగ ఎక్కడ నిలబడుతుంది? దానికి మోకాలి లోతు నీళ్లు, బురద, కాస్త రెల్లు గడ్డి కావాలి.

ఇది పక్షుల గొడవే అనుకోకండి. 2025 సెప్టెంబర్‌లో జంట జలాశయాల గేట్లు ఎత్తితే ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకి నీళ్లొచ్చాయి. వరద పరుచుకోవడానికి జాగా లేకపోతే జరిగేది అదే. కొంగలు దిగే ఆ పల్లపు ఒడ్డే వరదకు కూడా జాగా. గోడలు కట్టి నదిని ఇరుకు చేస్తే రెండూ పోతాయి.

ఇంకో లెక్క ఎవరూ పెద్దగా మాట్లాడట్లేదు. ఉప్పల్, పీర్జాదిగూడ వైపు ఈ నీళ్లతోనే పారా గడ్డి పెంచి పశువులున్నవాళ్లకు అమ్ముకునే కుటుంబాలున్నాయి. ఆ గడ్డి తిన్న బర్రెల పాలు తాగేది నగరమే. నీళ్లు శుభ్రమైతే అందరికంటే ముందు లాభం వాళ్లకే ఉండాలి. కానీ ఒడ్డంతా వాకింగ్ ట్రాక్ అయిపోతే ఆ గడ్డి మళ్లు ఉండవు.

అందుకే డిజైన్లు బయటికొచ్చినప్పుడు ఫౌంటెన్లు, లైట్ల కంటే ముందు చూడాల్సినవి రెండు: ఎన్ని కిలోమీటర్ల ఒడ్డును మట్టితోనే వదులుతున్నారు, ఎండాకాలంలో నదిలోకి ఎంత నీరు వదులుతారు. ముఖ్యంగా ఈసీ, మూసీ కలిసే లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర ఏం గీశారో చూస్తే మిగతా నది సంగతి చాలావరకు తెలిసిపోతుంది.