తెర మీద మన మొఖం

చిన్నప్పుడు మా మండల కేంద్రంల ఒకటే టాకీసు. తెర మీద ఎవడన్న 'గిట్ల, గట్ల' అన్నడంటే వాడు రౌడీ వెంట తిరిగే తాగుబోతన్న కావాలె, నవ్వించేటోడన్న కావాలె. హాలంత నవ్వేది. నేనూ నవ్విన. ఇంటికొచ్చినంక మా అమ్మ అవే మాటలతోని బువ్వకు పిలిచింది. నేను నవ్వింది ఎవరినో అప్పుడు సమజైంది. ఉద్యమంల రోడ్డెక్కినప్పుడు నీళ్లు, కొలువులతోపాటు మా అమ్మ మాటకు మర్యాద గూడ అడిగిన. రాష్ట్రమొచ్చి పదేండ్లు దాటింది. ఆ లెక్క చూసుకుంట కొన్ని సినిమాల మీద నాకు తోచిన నాలుగు ముచ్చట్లు. ఒప్పుకోకున్నా సరే, చూసి కొట్లాడున్రి.

అంకుర్ (1974): సికింద్రాబాద్ ప్రాంతంల పుట్టి పెరిగిన శ్యాం బెనెగల్ తొలి సినిమా. మన గల్లీల దక్కనీ ఇందుల సిగ్గుపడకుంట మాట్లాడుతది. ఆఖర్న ఒక చిన్న పోరడు జమీందారు కిటికీ మీదికి రాయి విసురుతడు. సినిమా ఒడిసినా ఆ చప్పుడు చెవుల్నే ఉంటది.

ఫాండ్రీ (2013): నాగరాజ్ మంజులే మరాఠీ సినిమా. పందులు పట్టే ఇంట్ల పుట్టిన జబ్యాను చూసి ఊరు ఊరంత నవ్వుతది. చివరికి వాడు విసిరిన రాయి నేరుగ మన మొఖం మీదికే వస్తది. అంకుర్ల రాయి దొరకు, ఇందుల రాయి ప్రేక్షకునికి. టాకీసుల నేను నవ్విన నవ్వు యాదికొచ్చి తల వంచుకున్న.

మాభూమి (1979): తీసింది బెంగాల్ గౌతం ఘోష్, మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల, నిర్మాణం వెనుక మన బి.నర్సింగరావు. భాష రానాయన మన పోరాటాన్ని గుండెకెత్తుకుంటే, భాష తెల్సిన పెద్ద పెద్ద నిర్మాతలు అటు దిక్కు చూడలేదు. గద్దర్ 2023ల పోయిండు. గొంగడేసుకున్న ఆయన పాట మాత్రం ఇందుల సజీవంగ ఉన్నది.

దాసి (1988): నర్సింగరావు తీసిండు. గడీల గోడల నడుమ కమలాక్షి మౌనం వంద డైలాగుల పెట్టు. అర్చన ఉత్తమ నటి, వైకుంఠం కళాదర్శకత్వం, అన్నీ కలిపి అయిదు జాతీయ అవార్డులు. ఓపిక లేనోళ్లకు నిదానమనిపిస్తది. నిదానమే, దాసి బతుకు గూడ గట్లనే గడిచింది.

కొమురం భీం, ఆర్.ఆర్.ఆర్.: అల్లాణి శ్రీధర్ 1990ల తీసిన భీం సినిమా 2010 దాకా థియేటర్ మొఖం చూడలేదు. రాజమౌళి భీం 2022ల ప్రపంచమంత తిరిగిండు. ఎన్టీఆర్ నటనకు నేనూ చప్పట్లు కొట్టిన. కని 1940ల జోడేఘాట్‌ల ప్రాణమిచ్చిన వీరుడు, జల్ జంగల్ జమీన్ అనే తన మాటను ఇంకొకరి చేత రాయించుకున్నట్టు చూపెట్టుడు నాకు మింగుడు పడలేదు. కల్పితమైనా సరే, నినాదం ఎవరిదో మర్చిపోవద్దు.

మల్లేశం (2019): అమ్మ చెయ్యి నొప్పి చూడలేక ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం కథ. ఫైట్లు లేవు, పగలు లేవు. ప్రియదర్శి మొఖంల మనింటి పిల్లగాడు కనబడ్తడు. రెండో వారం నేను పోయేటాల్లకు మా ఊరి టాకీసుల పోస్టర్ మారింది. తప్పు సినిమాది కాదు, మొదటి వారం పోని మనది.

దసరా (2023): హీరో నోట్ల మన భాష పడ్డది, సంతోషం. కని బొగ్గు బాయి కంటె బారే ఎక్కువ కనబడ్డది. తాగుబోతు పక్కపాత్ర హీరో అయితే సరిపోతదా? ఆలోచించున్రి.

బలగం (2023): వేణు యెల్దండి ఒక చావు చుట్టూ ఊరినంత కూసోబెట్టిండు. పిట్ట ముట్టకపోతే ఇంటి గుట్టు బయటపడ్తదన్న భయం మనందరిదీ. మొగిలయ్య, కొమురమ్మ పాటకు ఊర్లల్ల తెరలు కట్టి సూసినోళ్లు ఎక్కెక్కి ఏడ్చిన్రు. కాసర్ల శ్యాం పాటకు జాతీయ అవార్డు గూడ వచ్చింది.

ఈ సినిమాకు మా అమ్మను తీస్కపోయిన. తెర మీద ముసలామె ఏదో అంటుంటే పక్కన మా అమ్మ 'అవ్ మల్ల' అని జవాబిచ్చింది. హాల్ల ఎవ్వరూ నవ్వలేదు. నేను ఉద్యమంల అడిగిన మర్యాద ఇదే. ఇది నిలవాలంటే మన మాటను, మన కష్టాన్ని కలిపి చూపెట్టే సినిమాకు మొదటి వారమే టికెట్ కొనున్రి. పోస్టర్ మారినంక బాధపడి లాభం లేదు.