బోర్డు ఇంగ్లీషు, బడి కాంట్రాక్టు

ఇంగ్లీషు మీడియం మీద తెలుగునాట సాగుతున్న వాదం 2019 నుంచి ఒకే గానుగ చుట్టూ తిరుగుతోంది. ఆ ఏడాది నవంబరు 5న జగన్‌మోహన్‌రెడ్డి ప్రభుత్వం జీవో 81 జారీ చేసి సర్కారీ బడుల్లో తెలుగు మాధ్యమానికి స్వస్తి చెప్పబోయింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ వెంటనే వాలంటీర్లతో తల్లిదండ్రుల అభిప్రాయం సేకరించి, 96 శాతానికి పైగా ఇంగ్లీషే కోరుకుంటున్నారని ప్రభుత్వం ప్రకటించుకుంది. తెలంగాణలో 2022-23 విద్యాసంవత్సరం నుంచి చంద్రశేఖరరావు ప్రభుత్వం అదే బాట పట్టింది. ఒక పక్షం అమ్మభాష చచ్చిపోతోందని వాపోయింది. రెండో పక్షం ‘మరి మీ పిల్లలు ఏ మీడియం?’ అని నిలదీసింది. నిలదీత న్యాయమైనదే. తెలుగు కోసం వేదికలెక్కిన పెద్దల్లో ఎందరి మనవలు మండల పరిషత్ బడిలో చదివారో అందరికీ తెలుసు.

అయితే ఈ రెండు పక్షాలూ కలిసి తప్పించుకున్న ప్రశ్న ఒకటుంది. పేదపిల్లకు ఇంగ్లీషు చెప్పే మనిషి ఎవరు? ఆ మనిషికి ఇచ్చే జీతమెంత? వచ్చే జూన్‌లో ఆ మనిషి అదే బడిలో ఉంటాడా? ఈ ప్రశ్నల విలువ తెలియాలంటే మన పోట్లాటకు కాస్త ఎడంగా, ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ ఉక్కు పట్టణం దాకా వెళ్లాలి. ఆ పట్టణం మనకు పరాయిదేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నుంచి రైలెక్కిన వాళ్లు రెండు మూడు తరాలుగా అక్కడ ఉన్నారు. ఖుర్సీపార్ సందుల్లో నడిస్తే తెలుగు వినబడుతుంది. అయితే వాళ్ల పిల్లలు చదివేది తెలుగు కాదు. తెలుగా ఇంగ్లీషా అన్న మన తగవు అక్కడ పుట్టనే పుట్టదు. అందుకే అసలు సమస్య అక్కడ పొగమంచు లేకుండా కనబడుతుంది.

1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో భిలాయ్ కర్మాగారానికి అంకురార్పణ జరిగింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. మన ఇంజనీర్లు సోవియట్ కర్మాగారాలకు వెళ్లి పని నేర్చుకున్నారు. అక్కడి నిపుణులు దుబాసీలతో సహా ఇక్కడికి వచ్చారు. ఇంగ్లీషు లేకపోతే విజ్ఞానమే లేదని ఈనాడు ఉపన్యసించే వారు గుర్తుపెట్టుకోదగిన సంగతి ఇది. మన రైళ్లు పరుగెత్తే పట్టాలు తయారయ్యే ఊళ్లో ఉక్కు విద్య మొదట రష్యన్‌లోంచి వచ్చింది. ఆ రష్యన్ కోసం దేశం దుబాసీలను పెట్టుకుంది, శిక్షణకు ఖర్చుపెట్టింది. ఫర్నేస్ మీద రష్యన్ బోర్డు తగిలించి, కార్మికులకు భాష దానంతటదే వచ్చేస్తుందని ఎవరూ అనుకోలేదు.

కర్మాగారంతో పాటు బడులు వచ్చాయి. సెక్టార్ల వారీగా యాజమాన్యమే నడిపిన ఆ పాఠశాలల్లో హిందీ మాధ్యమమూ ఉండేది, ఇంగ్లీషు మాధ్యమమూ ఉండేది. ఐఐటీ ప్రవేశపరీక్షల్లో భిలాయ్ పేరు మోగడం మొదలైంది ఆ బడుల నుంచే. తెలుగు ఫిట్టర్ కొడుకు, మలయాళీ ఫోర్‌మన్ కూతురు, ఛత్తీస్‌గఢీ వెల్డర్ పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఆ ఇంగ్లీషు ఎక్కడి నుంచి వచ్చింది? పాఠం చెప్పే టీచరు కూడా ఉక్కు కర్మాగారం ఉద్యోగే. ఆమెకు క్వార్టరు ఉంది, సెక్టార్-9 ఆసుపత్రిలో వైద్యం ఉంది, ప్రావిడెంట్ ఫండ్ ఉంది. ఇరవై ఏళ్లు అదే పనిలో ఉంటుంది. ఆరో తరగతిలో వ్యాకరణం తడబడిన పిల్లవాణ్ని ఎనిమిదిలోనూ పదిలోనూ ఆమే చూస్తుంది. భాష నేర్పడానికి కావలసింది ఇంత మామూలు ఏర్పాటు. ఉదారీకరణ తరవాత ఖర్చు తగ్గింపు పేరుతో యాజమాన్యం మొదట కోసుకున్న వాటిలో ఇదొకటి. నియామకాలు సన్నగిల్లాయి. బడులు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, కొన్ని పక్కబడుల్లో కలిసిపోయాయి.

భిలాయ్‌ని దశాబ్దాల పాటు అధ్యయనం చేసిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 2020లో వెలువరించిన గ్రంథంలో అక్కడి శ్రామికులను విడదీసే గీతను స్థానికుల మాటల్లోనే పట్టుకున్నాడు. ఒకటి ‘నౌకరీ’, రెండోది ‘కామ్’. నౌకరీ అంటే శాశ్వత ఉద్యోగం. కామ్ అంటే కాంట్రాక్టరు పిలిస్తే ఉండేది, పిలవకపోతే లేనిది. ఈ గీతను చెరపడానికే శంకర్ గుహా నియోగి 1970ల చివర దల్లీ రాజహరా గనుల్లో కాంట్రాక్టు కార్మికులను కూడగట్టాడు. 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లోని ఇంట్లో నిద్రలో ఉండగా ఆయనను కాల్చి చంపారు. ఆ మరుసటి ఏడాది జులై 1న భిలాయ్ పవర్‌హౌస్ రైల్వేస్టేషన్‌లో పట్టాల మీద బైఠాయించిన కార్మికుల మీద పోలీసులు కాల్పులు జరిపితే 16 మంది చనిపోయారు. బడి గురించి మొదలుపెట్టి కాల్పుల దాకా వచ్చానని పాఠకులు అనుకోవచ్చు. బడికే వస్తున్నాను. గనిలో, కర్మాగారంలో గీసిన ఆ గీతను ఇప్పుడు తరగతి గదిలో గీశారు.

2020లో భూపేష్ బఘేల్ కాంగ్రెస్ ప్రభుత్వం స్వామి ఆత్మానంద ప్రభుత్వ ఇంగ్లీషు మీడియం పాఠశాలల పథకాన్ని ప్రారంభించింది. బఘేల్ సొంత నియోజకవర్గం పాటన్ ఉన్నది దుర్గ్ జిల్లాలోనే, భిలాయ్ ఉన్నదీ ఆ జిల్లాలోనే. ఆత్మానంద రామకృష్ణ సంప్రదాయపు సన్న్యాసి, నారాయణపూర్ అడవుల్లో ఆదివాసీ పిల్లల చదువుకు పాటుపడిన మనిషి. పేరు మంచిదే ఎంచుకున్నారు. మొదట 52 పాఠశాలలు తెరిచారు, మూడేళ్లలో అవి రెండు వందలు దాటాయి. రంగులు వేసిన గోడలు, ప్రయోగశాలలు, గ్రంథాలయాలు, ఆటస్థలాలు వచ్చాయి. ఖనిజాలు తవ్విన జిల్లాల బాగు కోసం ఉద్దేశించిన జిల్లా ఖనిజ నిధి నుంచి వీటికి డబ్బు మళ్లించారు. తల్లిదండ్రులు బారులు తీరారు. ప్రైవేటు స్కూలు ఫీజుకు అప్పుచేసే ఆటోడ్రైవరు, కర్మాగారంలో కాంట్రాక్టరు కింద రోజుకూలికి పనిచేసే తండ్రి, ఇళ్లలో పాచిపని చేసే తల్లి, ఎవరిని అడిగినా ఇదే తమకు దక్కిన మొదటి మంచి బడి అంటారు. వాళ్ల ఆశను వెక్కిరించే హక్కు ఏ భాషాభిమానికీ లేదు.

నా తగవు ఆ ఆశతో ప్రభుత్వం ఆడుకున్న తీరుతో. దరఖాస్తులు సీట్లను మించిపోయిన చోట లాటరీ తీశారు. ఇంత సిగ్గుమాలిన ఏర్పాటును మనం ఎంత తేలిగ్గా ఒప్పుకున్నామో చూడండి. విద్యాహక్కు చట్టం చేసిన దేశంలో, తన బడుల్లో కొన్నే చదువుకోదగినవని రాజ్యం తానే ఒప్పుకుని, ఆ కొన్నింటి కోసం పేదల పేర్లు రాసిన చీటీలు కలిపి తీస్తోంది. చీటీ రాని పిల్లవాడు ఏ నేరం చేశాడు? పైగా ఈ బడులకు చాలాచోట్ల కొత్త నేల దొరకలేదు. నడుస్తున్న హిందీ మాధ్యమ పాఠశాలల భవనాలనే తీసుకున్నారు. అక్కడ చదువుతున్న పిల్లలను మధ్యాహ్నపు షిఫ్టుకో, ఇంకో బడికో నెట్టారు. అలా నెట్టబడిన వారెవరు? అదే బస్తీ పిల్లలు. పేదవాడి గది ఖాళీ చేయించి పేదవాడికే ఇచ్చి, మధ్యలో రిబ్బను కత్తిరించుకున్నారు.

ఇక టీచర్ల సంగతి. ఈ పాఠశాలల నిర్వహణను కలెక్టర్ అధ్యక్షతన ఏర్పాటుచేసిన సొసైటీలకు అప్పగించారు. కొందరు ఉపాధ్యాయులు విద్యాశాఖ నుంచి డిప్యుటేషన్ మీద వచ్చారు. మిగిలిన వారిని సొసైటీలు కాంట్రాక్టు పద్ధతిలో తీసుకున్నాయి. వీరిలో చాలామంది చదువుకున్న వాళ్లు, కష్టపడే వాళ్లు. తప్పు వాళ్లది కాదు. ఒప్పందం ఏటా పొడిగిస్తారో లేదో తెలియని టీచరు ఒక కన్ను పాఠం మీదా రెండో కన్ను ఉద్యోగ ప్రకటనల మీదా పెట్టక ఏంచేస్తుంది? శాశ్వత పోస్టు దొరికిన నాడు వెళ్లిపోతుంది, వెళ్లాలి కూడా. ఆమె వెళ్లినప్పుడల్లా ఆ తరగతి ఇంగ్లీషు మళ్లీ అచ్చుల దగ్గర మొదలవుతుంది. తండ్రి కర్మాగారంలో ‘కామ్’, కూతురికి పాఠం చెప్పే టీచరుదీ ‘కామ్’. కూతురు మటుకు ‘నౌకరీ’కి ఎదగాలట.

ఖుర్సీపార్ తెలుగు పిల్లను తీసుకోండి. ఇంట్లో మాట్లాడేది ఉత్తరాంధ్ర యాస. వీధిలో ఛత్తీస్‌గఢీ. బజారులో హిందీ. బడిలో ఇప్పుడు లెక్కలు, సైన్సు ఇంగ్లీషులో. ఛత్తీస్‌గఢీకి 2007లో రాజభాష హోదా ఇచ్చారు గాని బడి గడప మటుకు దాటనివ్వలేదు. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో బోధనకు రాష్ట్రాలు ప్రయత్నించాలని 1956 నుంచి రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. ఆ పిల్ల పుస్తకాల సంచిలో దాని జాడ లేదు. మూడు భాషల మధ్య పెరిగే పిల్లకు నాలుగోది నేర్పడం అసాధ్యమేమీ కాదు, నిజానికి అలాంటి పిల్లలే చురుగ్గా నేర్చుకుంటారు. అయితే అందుకు ఆమె ఎక్కడ ఆగిందో ఆమె భాషలో అడగగల టీచరు కావాలి. లేకపోతే భిన్నాలు రాక మౌనంగా ఉందా, ఇంగ్లీషు రాక మౌనంగా ఉందా అన్నది పరీక్షపత్రం దిద్దేవారికి కూడా తెలియదు. 14-18 ఏళ్ల పిల్లల మీద జరిపిన 2023 ‘అసర్’ సర్వేలో నాలుగో వంతు మంది తమ ప్రాంతీయ భాషలో రెండో తరగతి పాఠాన్నే ధారాళంగా చదవలేకపోయారు. ఇంగ్లీషు వాక్యాలు చదవగలిగిన వారు 57 శాతం. ఈ పునాది మీద మాధ్యమం మార్చేసి మేడ లేచిందనుకోవడం ఆత్మవంచన.

ఇంగ్లీషు నేర్పడం వేరు, ఇంగ్లీషులో అన్నీ చెప్పడం వేరు. పరాయి దేశాలు ఈ తేడాను డబ్బు ఖర్చుపెట్టి తెలుసుకున్నాయి. జపాన్ 1987 నుంచి ఇంగ్లీషు మాతృభాషగా గల యువకులను జెట్ పథకం కింద తెచ్చి ప్రభుత్వ బడుల్లో సహాయకులుగా పెడుతోంది. పక్కన జపాన్ టీచరు ఉంటారు. లెక్కలు మాత్రం జపనీస్‌లోనే. దక్షిణ కొరియాది ఇంచుమించు అదే దారి. మలేషియా 2003లో లెక్కలు, సైన్సు ఇంగ్లీషులోకి మార్చి, గ్రామీణ పిల్లలు వెనకబడుతున్నారన్న ఆందోళన పెరిగాక 2009లో వెనక్కి తగ్గాలని నిర్ణయించింది. రువాండా 2008లో ఫ్రెంచి నుంచి ఇంగ్లీషుకు దూకింది, 2011లో చిన్న తరగతులను మాతృభాషకు తెచ్చింది, 2019లో మళ్లీ ఇంగ్లీషన్నది. ఈ మూడు మార్పుల్లోనూ తరగతిలో ఉన్నది ఆ టీచర్లే. ఫ్రెంచిలో తర్ఫీదు పొందిన మనిషిని మంత్రివర్గ తీర్మానం ఇంగ్లీషు పంతులుగా మార్చలేదు.

మన రెండు రాష్ట్రాలకూ ఈ మాట వర్తిస్తుంది. ఎదురెదురు పుటల్లో తెలుగు, ఇంగ్లీషు ముద్రించిన పాఠ్యపుస్తకాలు మంచి ఆలోచన, కాదనను. కాని 2023లో జగన్ ప్రభుత్వం టోఫెల్ పరీక్ష కోసం అమెరికా సంస్థతో ఒప్పందం చేసుకున్నప్పుడు వ్యవహారం బండికి ముందు దూడను కట్టినట్టయింది. నేర్పేవారి సంగతి తేలకముందే పరీక్షించేవారు ఖండాంతరం నుంచి దిగారు. ఇక కేంద్రం తెచ్చిన 2020 విద్యావిధానం కనీసం అయిదో తరగతి దాకా మాతృభాషే మేలంటుంది. ప్రైవేటు స్కూళ్లకూ ఇదే వర్తిస్తుందని అది చెప్పినా, ‘వీలైనంతవరకు’ అన్న మాట చాటున అవి తప్పించుకునే వీలుంది. మాతృభాషా వ్రతం పేదలకు మాత్రమే విధించే విధానాన్ని దళిత, బహుజన తల్లిదండ్రులు అనుమానించడంలో ఆశ్చర్యమేముంది?

2023 డిసెంబరులో ఛత్తీస్‌గఢ్‌లో ప్రభుత్వం మారింది. విష్ణుదేవ్ సాయ్ ముఖ్యమంత్రి అయ్యారు. 2025లో హేతుబద్ధీకరణ పేరుతో పదివేలకు పైగా పాఠశాలలను విలీనం చేశారు. కాంగ్రెస్ దీన్ని విద్యాద్రోహమంటోంది. అననీయండి. అయితే ఆత్మానంద బడులను సొసైటీల చేతిలో, కాంట్రాక్టు పునాది మీద నిలబెట్టి వెళ్లింది ఆ పార్టీయే. శాశ్వత పోస్టులు సృష్టించి ఉంటే తరవాత వచ్చిన వారు వాటిని అంత సులువుగా కదిలించలేకపోయేవారు. ఒకరు గోడకు రంగు వేసి ఓట్లడిగారు, రెండోవారు బడుల లెక్క తగ్గించి పొదుపు చూపిస్తున్నారు. టీచరు వేతనం పద్దు దగ్గరికి వచ్చేసరికి ఇద్దరి చేతిరాతా ఒక్కలాగే ఉంది.

భిలాయ్‌లోనూ అమరావతిలోనూ హైదరాబాదులోనూ ఓటడగడానికి వచ్చే వారిని తల్లిదండ్రులు మీడియం గురించి అడగడం మానేసి లెక్క అడగాలి. ఈ బడిలో ఇంగ్లీషు టీచర్ల పోస్టులు ఎన్ని మంజూరయ్యాయి, వాటిలో శాశ్వత నియామకాలు ఎన్ని, ఎన్ని నెలలుగా ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ప్రస్తుతమున్న టీచర్లలో ఎందరికి పిల్లల ఇంటిభాష వచ్చు. ఈ అంకెలను బడి గేటు మీద, స్వామీజీ పేరు రాసిన అక్షరాలంత పెద్దవిగా, ఏటా జూన్‌లో రాయించాలి. అందుకు ఖనిజ నిధి అక్కర్లేదు, ఒక డబ్బా రంగు చాలు.