సిరిగు గోడలను గురించి

ఘనా దేశపు ఉత్తర సీమలో, బుర్కినా ఫాసో సరిహద్దుకు చేరువలో సిరిగు అనే పల్లె ఉన్నది. అక్కడి మట్టి ఇండ్ల గోడలను స్త్రీలే అలికి, ఎరుపు, తెలుపు, నలుపు వన్నెలతో గళ్ళు, కొండచిలువలు, మొసళ్ళు, ఆవులు తీర్చిదిద్దుతారు. రంగులు చుట్టుపట్ల దొరికే మన్ను, రాళ్ళు నూరి చేసినవే. పైన దవదవ కాయలను మరగించిన కషాయం పూస్తారు. మెరుపూ గట్టిదనమూ దానివల్లనే. అయినా వానలకు చెరగక తప్పదు, మళ్ళీ వేయకా తప్పదు.

సరిహద్దు కావల తియెబెలెలోనూ ఇదే విద్య. అక్కడి కసెనా ప్రభువుల నివాసాన్ని యునెస్కో 2024లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సంతోషమే. కాని జాబితాకెక్కిన గోడ చెరగరాదనే తొందర పుడుతుందేమోనని నా భయం. సిమెంటు మెత్తి డబ్బా రంగు వేస్తే గోడ నిలుస్తుంది. తల్లి కూతురికి నేర్పవలసిన అవసరమే ఉండదు. (రేకుల ఇల్లు కట్టుకునే హక్కు ఆ తల్లికీ ఉన్నది. మన కెమెరాల కోసం ఆమెను మట్టింటనే ఉండమనడం అన్యాయం.)

అందుచేత సిరిగు స్త్రీల మార్గమే నాకు సబబుగా తోస్తున్నది. వారు 1997లో సంఘంగా ఏర్పడి, కుండలూ చిత్రాలూ అమ్ముతూ, వచ్చినవారికి గోడచిత్రం నేర్పి రుసుము తీసుకుంటున్నారు. వెళ్ళగలిగినవారు వానలు లేని నెలల్లో వెళ్ళండి. గోడలకు పని జరిగేది అప్పుడే.