క్యాంపస్ రేడియో పెడితే గోడ అవతలికి వినపడాలి

కాలేజీకో ఎఫ్ఎం స్టేషన్ ఉంటే బాగుండని మనలో చాలామందికి ఉంది. పెడితే ఏం వేస్తాం అని అడిగితే మాత్రం డెడికేషన్లు, సినిమా పాటలు, ఫెస్ట్ కబుర్లు అంటారు. వాటికి ఇన్‌స్టాగ్రామ్ చాలదా? నన్నడిగితే, రోజుకో అరగంట చుట్టుపక్కల ఊళ్ళలోని గర్భిణులకి ఇవ్వాలంటాను. నవ్వకండి, కారణాలున్నాయి.

గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మొదట విద్యాసంస్థలకి, 2006లో స్వచ్ఛంద సంస్థలకి కూడా కమ్యూనిటీ రేడియో అనుమతులు తెరుచుకున్నాయి. 2008 అక్టోబరు 15న జహీరాబాద్ దగ్గర మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. నడిపింది ఊరి దళిత మహిళలే, మాట్లాడింది వాళ్ళ యాసలోనే. ఇలాంటి స్టేషన్‌కి 100 వాట్ల పవర్ ఉంటుంది, పది పదిహేను కిలోమీటర్లు వినపడుతుంది. అంటే మన హాస్టలూ, పక్క మండలంలోని పీహెచ్‌సీ ఒకే స్టేషన్ కిందికి వస్తాయి.

సరే, గర్భిణులకి చెప్పడానికి ఏముంది? "కాన్పుకి ఆస్పత్రికే వెళ్ళండి" అని చెప్పే కాలం తెలంగాణలో దాదాపు అయిపోయింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 97 శాతం కాన్పులు ఆస్పత్రుల్లోనే. కానీ అదే సర్వేలో 60 శాతం పైగా సిజేరియన్లు, గర్భిణుల్లో సగానికి మించి రక్తహీనత. అంటే ఆస్పత్రి దాకా వెళ్తున్నారు, అక్కడ ఏం అడగాలో చెప్పేవాళ్ళు లేరు. ఆపరేషన్ ఎప్పుడు తప్పదు, ముహూర్తం కోసం కోయించుకుంటే నష్టమేంటి అనేది పోస్టర్ మీద పట్టే విషయం కాదు. ఐరన్ మాత్రల సంగతీ అంతే. మాత్ర ఊరికే ఇస్తారు, కానీ విరోచనం నల్లగా అయ్యిందని, బిడ్డ నల్లగా పుడుతుందని భయపడి గూట్లో పెట్టేస్తారు. "అది మామూలే తల్లీ, టీతో మాత్రం వేసుకోకు" అని వాళ్ళ ఊరి ఏఎన్ఎం గొంతులో వింటే నమ్మకం వేరు.

యూట్యూబ్ ఉందిగా అంటారు. అదే సర్వే లెక్కన, దేశంలో తను సొంతంగా వాడుకునే ఫోన్ ఉన్న ఆడవాళ్ళు సుమారు 54 శాతమే. పైగా యూట్యూబ్‌కి మన పీహెచ్‌సీ తెలీదు. ప్రతి నెలా 9న సర్కారు ఆస్పత్రుల్లో నాలుగో నెల నుంచి గర్భిణులకి ఉచిత పరీక్షలు ఉంటాయి. ఈ నెల మన దగ్గర స్కానింగ్ ఉందా, 102 బండి ఏ ఊరికి ఎన్నింటికి వస్తుంది, ఇవి లోకల్ స్టేషనే చెప్పగలదు. అత్తా కోడలూ ఒకే చోట కూర్చుని వింటారు కాబట్టి, "తక్కువ తిను, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం" అనే అత్తకీ అదే జవాబు చేరుతుంది.

రేడియో డాక్టర్ని తెప్పించలేదు, నిజమే. లేని సేవని ఉందని చెబితే ఒక్కరోజులో నమ్మకం పోతుంది. అందుకే రెండు షరతులు పెట్టుకోవాలి. పీహెచ్‌సీ డాక్టర్ చూడని స్క్రిప్ట్ గాల్లోకి వెళ్ళకూడదు. మైకు ముందు మనం కాదు, ఆశా వర్కర్లూ, ఆ ఊరి తల్లులూ ఉండాలి. పేరు చెప్పకుండా ప్రశ్న అడిగే వీలుండాలి.

లైసెన్స్‌కి టైం పడుతుంది అనే సాకు కూడా వద్దు. సంఘం రేడియో ఆడవాళ్ళు అనుమతి రాకముందు ఏళ్ళ తరబడి కార్యక్రమాలు రికార్డు చేసి, టేపులు ఊళ్ళలో వినిపించారు. మనకి టేపులు కూడా అక్కర్లేదు. ఈసీఈ వాళ్ళు సౌండ్ చూసుకుంటే, ఎన్ఎస్ఎస్ వాళ్ళకి ఊళ్ళు తెలుసు, రాయడానికి మన క్లబ్ ఉంది. వచ్చే నెల 9న పీహెచ్‌సీ వరండాలో వంతు కోసం కూర్చున్న వాళ్ళకి ఒక స్పీకర్లో పది నిమిషాలు వినిపిద్దాం. వాళ్ళేం అడుగుతారో అదే రెండో ఎపిసోడ్.