చూపునకు వెల



కంటిశుక్లమును కరగించు మందు లేదు, శస్త్రచికిత్సయొకటే శరణ్యము. కాని బియ్యములోని రాళ్లు ఏరజాలక, మనుమని చేయూత లేనిదే గడప దాటజాలక దినములు వెళ్లబుచ్చు వృద్ధులకు, చికిత్స ఉచితమైనను, బస్సుఛార్జీయు, తోడు వచ్చువారు కోల్పోవు నాటి కూలియు దుర్భరములగుచున్నవి.

1976లో మదురైలో 11 పడకలతో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి నెలకొల్పిన అరవింద్ నేత్రవైద్యశాల, ఇచ్చుకోగలవారి రుసుముతో ఇచ్చుకోలేనివారికి చికిత్స చేయుచు, పల్లెలలో శిబిరములు నడిపి రోగులను తానే తోడ్కొనివచ్చుచు, 1992లో ఆరోల్యాబ్‌ను స్థాపించి, విదేశములనుండి అధికధరకు తెప్పించుకొనవలసిన శస్త్రచికిత్సలో కంటిలో అమర్చు కృత్రిమ కటకములను ఇచ్చటనే చౌకగా తయారుచేయ నారంభించినది. పేదకును సంపన్నునకును కటకము నాణ్యమైనదే అమరవలెనను పట్టుదలయే ఈ సంచిక రచనలన్నిటికిని అంతస్సూత్రము.

మీ వీధిలో చూపు మందగించిన పెద్దలున్నచో, నేత్రశిబిరమునకు వారి వెంట మీరే వెళ్లుడని ప్రార్థించుచున్నాము.